కిలోన్నరలో ఊయల పడక: సొంతంగా కుట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

బెజవాడ_బాటసారి · అక్టోబర్ 12, రాత్రి 10:20

అందరికీ నమస్తే. డిసెంబర్ మూడో వారంలో ముగ్గురం లంబసింగి వైపు వెళ్తున్నాం. రెండు రాత్రులు తెలిసినవాళ్ళ కాఫీ తోటలో పడక. గుడారం మోయడం నా వల్ల కాదని పోయినేడాదే తేలిపోయింది, అందుకని ఆన్‌లైన్‌లో ఒక హ్యామక్, అదే చెట్లకి కట్టుకునే ఊయల పడక, కొన్నాను. ఇద్దరు పట్టేదట. దానికి ఉక్కు కొక్కేలు, లావు పట్టీలు. పైన కప్పడానికి నీలం బరకం, ఒక దోమతెర, కింద పరిచే ఫోమ్ చాప. అన్నీ కలిపి తూకం వేస్తే 3 కిలోల 400 గ్రాములు. ఇంతోటి దానికి గుడారమే నయం కదా!

మొత్తం పడక సామాను కిలోన్నరలో తేల్చాలని పట్టుదల. బయటి దేశాల నుంచి తెప్పించుకునే స్తోమత లేదు. అమ్మ ఉషా మిషన్ ఉంది, నాకు తిన్నగా ఒక కుట్టు వేయడం వచ్చు. నా బరువు 70 కిలోలు, ఎత్తు 5 అడుగుల 9. ఏ గుడ్డ కొనాలి, ఏ తాడు కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

తిండిపోతు_ట్రెక్కర్ · అక్టోబర్ 12, రాత్రి 10:41

పాత చీర, రెండు ముళ్ళు. ఖర్చు సున్నా. మనమందరం అందులో పెరిగినవాళ్ళమే.

కుట్టుపురుగు · అక్టోబర్ 13, ఉదయం 6:15

చీర మాట నవ్వులాటకి అన్నారేమో కానీ, మొదటి నమూనాకి నిజంగానే పాత చీర వాడు తమ్ముడూ. పొడవెంత కావాలి, ఎంత వాలుగా పడుకుంటే నడుము పట్టదు, ఇవన్నీ గుడ్డ కోయకముందే తెలుస్తాయి. నేను ఇప్పటికి నాలుగు కుట్టాను, మొదటిది చీరే.

ఇక అసలు గుడ్డ. మన బట్టల బజార్లో ‘ప్యారాచూట్ క్లాత్’ అని అడిగితే పది రకాలు పడేస్తారు. అందులో చిన్న చిన్న గళ్ళ నేత కనిపించే రిప్‌స్టాప్ నైలాన్ కావాలి. చినిగినా ఆ గడి దగ్గర ఆగుతుంది. గొడుగు గుడ్డ జోలికి పోకు, మనిషి బరువుకి అది ఆగదు. రెయిన్‌కోట్ గుడ్డ కూడా వద్దు, దానికి లోపల పూత ఉంటుంది, చెమట బయటికి పోక తెల్లారేసరికి తడిసి ముద్దవుతావు. కొట్లోనే నోటికి అడ్డం పెట్టుకుని గాలి పీల్చి చూడు. వస్తే పూత లేనట్టు. కొట్టువాడు వింతగా చూస్తాడు, చూడనీ.

గుడ్డ మందం ఎంతో కొట్లో ఎవరికీ తెలియదు. పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు ముక్క కోయించుకుని బంగారు కొట్లో తూకం వేయించు. 0.66 గ్రాములు వచ్చిందనుకో, చదరపు మీటరుకి 66 గ్రాములన్నమాట. 60 నుంచి 70 మధ్యలో ఉన్నది తీసుకో. 40లోపు గుడ్డలతో కూడా కుట్టుకునేవాళ్ళున్నారు కానీ, ఏ మిల్లుదో తెలియని గుడ్డతో మొదటిసారే అంత సాహసం వద్దు.

పొడవు 11 అడుగులు, వెడల్పు 58 నుంచి 60 అంగుళాలు. చుట్టూ అర అంగుళం రెండు మడతలు వేసి కుట్టు. 11 నంబరు సూది, కొత్తది. పాలియెస్టర్ దారం. నూలు దారం తడికి పాడవుతుంది. గుండుసూదులు గుచ్చకు, ఆ రంధ్రాలు పూడవు; బట్టల క్లిప్పులు పెట్టుకో. నైలాన్ చేతిలో నిలవదు, పాదం కింద నుంచి చేపలా జారిపోతుంది. వెనక నుంచి కూడా ఒక చేత్తో లాగి పట్టుకుని నెమ్మదిగా తొక్కు.

రెండు చివర్లకి మాత్రం కుట్టు కంటే కట్టే మేలు. చీర కుచ్చిళ్ళు పెట్టినట్టు గుడ్డని సన్న మడతలుగా పేర్చి, చివరి నుంచి మూడంగుళాలు వదిలి గట్టి దారంతో పది చుట్లు బిగించి కట్టెయ్. మడతలు సమానంగా రాకపోతే ఒక పక్క బిగుసుకుంటుంది, అప్పుడు పిక్కల కింద గట్టు తగులుతుంది.

బెజవాడ_బాటసారి · అక్టోబర్ 13, రాత్రి 9:02

అక్కా, దండాలు. బంగారు కొట్టు ఆలోచన అద్భుతం. ఒక్క అనుమానం. కొన్న హ్యామక్‌లో పడుకుంటే అరటిపండులా వంగిపోతున్నాను. పొద్దున్నే నడుము పట్టేస్తోంది. తాళ్ళు ఇంకా బిగించి కట్టాలా?

సైన్సుమాస్టారు · అక్టోబర్ 14, ఉదయం 5:50

బిగించకు బాబూ. అందరూ చేసే పొరపాటు అదే. ఒదులుగా కట్టు.

రెండు కారణాలు. ఒకటి నీ నడుము. ఊయల వంపు బాగా ఉంటేనే నువ్వు ఐమూలగా, అంటే తల ఒక మూలకి, కాళ్ళు ఎదుటి మూలకి పెట్టి పడుకోగలవు. అలా పడుకుంటే వీపు దాదాపు సమంగా ఉంటుంది. నవారు మంచం మీద పడుకున్నట్టే. హ్యామక్ అనే మాట కరీబియన్ దీవుల్లోని తైనో జనం భాష నుంచి స్పానిష్ ద్వారా వచ్చింది. వాళ్ళు కూడా పొడుగునా కాదు, ఏటవాలుగానే పడుకునేవాళ్ళు.

రెండోది లెక్క. తాడు నేలకి సమాంతర రేఖతో చేసే కోణం 30 డిగ్రీలైతే ఒక్కో తాడు మీద పడే లాగుడు నీ బరువంత, 70 కిలోలు. సగం బరువే కదా పడాలి అనుకుంటారు, కాదు. 15 డిగ్రీలకి తగ్గిస్తే దాదాపు 135. 10 డిగ్రీలైతే 200. నువ్వన్నట్టు ‘బిగించి’ 5 డిగ్రీలకి తెస్తే 400 కిలోలు! బావిలో చేద తోడేటప్పుడు తాడు తిన్నగా ఉంటే సులువు, పక్కకి నిలబడి లాగితే చేతులు పీకుతాయి చూడు, అదే సంగతి. అందుకే బిగించి కట్టినవాడి తాడు తెగుతుంది, కుట్టు విడుతుంది, లేత చెట్టైతే వంగుతుంది.

ప్రతిసారీ కోణమానిని పట్టుకెళ్ళలేవు గనక ఊయల రెండు చివర్లని కలుపుతూ పైన ఒక సన్న తాడు శాశ్వతంగా కట్టేసుకో. దాని పొడవు ఊయల పొడవులో 83 శాతం. నీ 11 అడుగులకి 9 అడుగుల ఒక అంగుళం. చెట్లు దూరంగా ఉన్నా దగ్గరగా ఉన్నా వంపు ఎప్పుడూ ఒకేలా వస్తుంది. దోమతెర కూడా దాని మీదే వేలాడుతుంది.

తిండిపోతు_ట్రెక్కర్ · అక్టోబర్ 14, ఉదయం 8:30

మాస్టారూ, మీరు మా బడిలో ఎందుకు లేరండీ! నేను పోయినేడు పెరట్లో మునగ చెట్టుకి కట్టాను. మునగ చెట్టు ఎక్కించడం అంటే ఏమిటో, దిగడం అంటే ఏమిటో రెండూ ఒకే క్షణంలో తెలిశాయి.

వలతాడు_కాకినాడ · అక్టోబర్ 15, రాత్రి 8:12

తాడు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను. మాది తాళ్ళతో బతికిన ఇల్లు.

బరువు తగ్గాలంటే మొదట ఆ ఉక్కు కొక్కేలు తీసి పారెయ్ తమ్ముడూ. కావలసింది 2.8 మిల్లీమీటర్ల డైనీమా తాడు, అంటే చాలా తేలికైన, గట్టి సింథటిక్ పోగుతో అల్లినది. పన్నెండు పోగుల బోలు అల్లిక, లోపల గొట్టంలా ఖాళీ. మంచి రకమైతే 700 కిలోల దాకా ఆగుతుంది, మీటరు బరువు ఐదారు గ్రాములు. కానీ ఆ పేరుతో బజార్లో ఏదైనా అమ్మేస్తారు. చిన్న ముక్క కోసి నీళ్ళ గ్లాసులో వేసి, వేలితో నొక్కి గాలి బుడగలు పోనివ్వు. నైలాన్, పాలియెస్టర్ రెండూ మునుగుతాయి. డైనీమా తేలుతుంది. అలాగని తేలిందల్లా డైనీమా కాదు, మా పడవల మీది ప్లాస్టిక్ తాళ్ళు కూడా తేలుతాయి. అవి గరుగ్గా, బిరుసుగా ఉంటాయి, డైనీమా పట్టులా జారుతుంది. మునిగిందంటే మాత్రం డబ్బు వెనక్కి అడుగు.

ముఖ్యమైన మాట: ఈ తాడుకి ముడి వేయకు. ముడి వేస్తే బలం సగానికి పడిపోతుంది, పైగా ముడి నిలవదు. తాడు కొసని అదే తాడు బోలులోకి దూర్చి ఉచ్చు చేసుకోవాలి. ఎంత లాగితే అంత గట్టిగా పట్టుకుంటుంది. దూర్చే పొడవు తాడు లావుకి 72 రెట్లు, అంటే నీ తాడుకి 20 సెంటీమీటర్లు. దూర్చే కొసలో పోగులు ఒక్కోటీ కత్తిరించి ఎలక తోకలా సన్నం చెయ్. మొద్దుగా వదిలేస్తే లోపల గట్టు పడి అక్కడే తెగుతుంది. పనిముట్టు అంటే సన్న ఇనుప తీగని మధ్యకి మడుచుకుంటే చాలు.

చెట్టుకి మాత్రం తాడు నేరుగా చుట్టకు. సన్న తాడు బెరడుని కోసేస్తుంది. అంగుళం వెడల్పు పాలియెస్టర్ పట్టీ చుట్టి దానికి తాడు తగిలించు. నైలాన్ పట్టీ వద్దు. సాయంత్రం కుర్చీ ఎత్తులో కడితే తెల్లారేసరికి సాగి నేల మీదుంటావు.

బెజవాడ_బాటసారి · నవంబర్ 2, మధ్యాహ్నం 3:40

గుడ్డ దొరికింది, వన్‌టౌన్‌లో మూడు రోజులు తిరిగాక. బంగారు కొట్టాయన 0.66 అన్నాడు! కుట్టడం అయింది. కుచ్చిళ్ళు మూడోసారికి కుదిరాయి.

ఇప్పుడు చెడ్డ వార్త. నిన్న పెరట్లో రెండు వేప చెట్ల మధ్య కట్టాను. తాడు దూర్చడం తర్వాత నేర్చుకుందాంలే, ఇవాళ్టికి చూద్దాం అని మామూలు ముళ్ళు వేశాను. రెండు కాదు, నాలుగు. పడుకున్నాను, బాగానే ఉంది. ఫోన్ తీశాను. పది నిమిషాలకి తల పక్క ఏదో నెమ్మదిగా జారుతున్నట్టనిపించింది, అంతలోనే నేల తగిలింది. ముడి విడిపోలేదు, తాడు తెగలేదు, కొస ముడిలోంచి అలా ఒలుచుకుంటూ వచ్చేసింది. ఒకటిన్నర అడుగు ఎత్తే కాబట్టి నడుముకి వేడినీళ్ళ కాపడంతో సరిపోయింది.

అమ్మ గుమ్మంలోంచి చూసి ఒక్కటే మాటంది: “నీ చిన్నప్పుడు దూలానికి చీర ఉయ్యాల నేనే కట్టాను. ఒక్కసారైనా పడ్డావా?”

వలతాడు_కాకినాడ · నవంబర్ 2, సాయంత్రం 6:05

చెప్పానా లేదా! అమ్మగారి ముడి ఎందుకు నిలిచిందంటే నూలు గుడ్డ తనని తానే పట్టుకుంటుంది. డైనీమా నూనె రాసిన పాము. నాలుగు ముళ్ళేసినా, నలభై వేసినా అంతే.

ఈ ఆదివారం కూర్చుని పది ఉచ్చులు దూర్చు. మొదటి మూడూ పారేయాల్సిందే. తర్వాత చెయ్యి దానంతటదే పోతుంది. ఎక్కేముందు కుర్చీలో కూర్చున్నట్టు సగం బరువు వేసి నాలుగైదుసార్లు ఊగు. కింద పరుపు వేసుకో.

కుట్టుపురుగు · నవంబర్ 2, రాత్రి 9:30

పడటానికి సిద్ధంగా లేనంత ఎత్తులో ఎప్పుడూ కట్టకు. నేను నాలుగేళ్ళ తర్వాత కూడా మోకాలి ఎత్తు దాటను. వాగు మీద, బండల మధ్య కట్టి ఫోటోలు దిగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నిర్వాహకుడు · నవంబర్ 3, ఉదయం 10:00

చర్చ బాగుంది, ఆపను. ఒక్క గమనిక. ఈ శీర్షిక చూసి నల్లమలలో ఎక్కడ కట్టుకోవచ్చని ఇద్దరు విడిగా అడిగారు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం అది. అటవీ శాఖ నడిపే చోట్ల, వాళ్ళ అనుమతితో తప్ప రాత్రి బస కుదరదు. తోటలైతే యజమానిని అడగాలి. కొబ్బరి తోటలో కట్టేవాళ్ళు ముందు తలెత్తి కాయలు చూసుకోండి.

చార్లెట్_తెలుగోడు · నవంబర్ 5, ఉదయం 7:48

నార్త్ కరోలినా నుంచి. ఇక్కడ అపలాచియన్ కొండల్లో ఎనిమిదేళ్ళుగా ఊయల్లోనే పడుకుంటున్నాను. మీరంతా తాడు దగ్గర ఆగిపోయారు. అన్నా, లంబసింగి డిసెంబర్ అంటున్నావు, అసలు కష్టం చలి. అదీ పై నుంచి కాదు, కింద నుంచి.

స్లీపింగ్ బ్యాగ్ వెచ్చదనమంతా దాని దూదిలో ఇరుక్కున్న గాలిది. ఊయల్లో దాని మీద పడుకోగానే వీపు కింద దూది అణిగి కాగితమవుతుంది, గాలి పోతుంది. పైగా కింద నేల లేదు, రాత్రంతా చల్లగాలి నడుము కిందుగా పారుతూనే ఉంటుంది. నేను మొదటిసారి 10 డిగ్రీల్లోనే వణికి, అర్ధరాత్రి లేచి కారులో పడుకున్నాను. ఫోమ్ చాప వేస్తే కొంత ఆగుతుంది కానీ అది వీపు కింద నిలవదు, భుజాలు బయటే ఉంటాయి.

మందు ఏమిటంటే దుప్పటిని ఊయల లోపల కాదు, బయట కింద వేలాడదీయడం. అండర్‌క్విల్ట్ అంటారు. వీపుకి ఆనుకుని ఉంటుంది కానీ నలగదు. కొనేవి చాలా ఖరీదు. పాత సింథటిక్ స్లీపింగ్ బ్యాగ్ ఉంటే జిప్ తీసేసి, రెండు చివర్లా లంగాకి బొందు పట్టీ కుట్టినట్టు కుట్టి సాగే తాడు ఎక్కించు. నాలుగు మూలల నుంచి ఊయల చివర్లకి తగిలించు. అయిపోయింది.

సొంతంగా కుట్టుకోవడం అంటే ఇక్కడ ఇప్పటికీ ఎమ్మా గేట్‌వుడ్ పేరే చెప్పుకుంటారు. 1955లో, 67 ఏళ్ళ వయసులో, ఈ కొండల వెంట పోయే అపలాచియన్ కాలిబాట మొత్తం ఒంటరిగా నడిచింది. భుజాన తనే కుట్టుకున్న డెనిమ్ సంచి, వానకి స్నానాల గదిలో వేలాడే ప్లాస్టిక్ తెర. ఊయల లేదనుకోండి ఆవిడకి.

కుట్టుపురుగు · నవంబర్ 5, రాత్రి 8:20

పాత స్లీపింగ్ బ్యాగ్ లేనివాళ్ళకి బూరుగు దూది ఉండగా బెంగెందుకు? పోగు లోపల బోలు, గాలిని పట్టుకుంటుంది, తేలిక. మన పరుపులన్నీ అవేగా. అడ్డంగా గదులు కుట్టి నింపితే సరి.

చార్లెట్_తెలుగోడు · నవంబర్ 6, ఉదయం 6:10

అక్కా, మా అమ్మమ్మ పరుపు మీద పెరిగినవాణ్ణే, కాదనలేను. కానీ ఆ పోగు పొట్టిది, నున్నటిది. వేలాడేసరికి ప్రతి గదిలోనూ కిందికి జారి ఒక మూల ముద్దవుతుంది. సన్న నైలాన్ అయితే కుట్టు రంధ్రాల్లోంచి బయటికి కూడా వస్తుంది. పరుపుకైతే ఏడాదికోసారి విప్పి ఏకించుకుంటాం, కొండ మీద ఎవరు ఏకుతారు?

కుట్టుపురుగు · నవంబర్ 6, ఉదయం 6:55

గదులు చిన్నవి చేస్తే జారదు. నా దగ్గర ఉంది, రెండు చలికాలాలు చూసింది. అయితే బరువు 900 గ్రాములు, ఒప్పుకుంటాను. బాటసారికి కుదరదు.

సైన్సుమాస్టారు · నవంబర్ 6, ఉదయం 7:30

దోమల సంగతి కూడా చూసుకోండి. ఏజెన్సీలో మలేరియా ఉంది. ఊయల గుడ్డ పల్చన, వీపు దానికి అంటుకుని ఉంటుంది, దోమ కింద నుంచి గుడ్డలోంచే కుట్టేస్తుంది. పైన మాత్రమే తెర వేస్తే సగం పనే. ఊయల మొత్తం దూరేలా పొడుగు సంచిలా కుట్టి రెండు చివర్లా బొందు లాగితే మంచిది. నుసుములు కూడా ఉండే చోటైతే కంత సన్నగా ఉన్న తెర చూసుకో.

బెజవాడ_బాటసారి · నవంబర్ 28, రాత్రి 11:15

ఉచ్చులు వచ్చేశాయి! ఇప్పుడు టీవీ చూస్తూ కూడా దూరుస్తున్నాను. ఇంట్లో ఏ తాడూ మామూలుగా లేదు.

ఇక పైకప్పు. దీర్ఘచతురస్రం కుడితే బరువెక్కువ. 9 అడుగుల చదరం కుట్టి మూల నుంచి మూలకి కడితే 12 అడుగుల 8 అంగుళాలు వస్తోంది, ఊయలకి సరిపోతుంది కదా? పూత ఉన్న పాలియెస్టర్ రెయిన్‌కోట్ గుడ్డ, బంగారు కొట్లో 0.62. మధ్య అతుకు నుంచి నీళ్ళు కారకుండా సిలికాన్ పూయొచ్చా?

కుట్టుపురుగు · నవంబర్ 29, ఉదయం 6:02

కొలత సరే. సిలికాన్ వద్దు. అది సిలికాన్ పూత ఉన్న గుడ్డకే అంటుకుంటుంది. నీది పాలీయురేతేన్ పూత, దాని మీద ఎండాక పొరలా ఊడొస్తుంది. పాలీయురేతేన్ రకం అతుకు జిగురు అడుగు. మూలల్లో మూడు పొరలు వేసి కుట్టు. అతుకు మూల నుంచి మూలకి రాకుండా చూడు. ఇంకో సంగతి, గుడ్డ ఐమూలగా సాగుతుంది, మూల నుంచి మూలకి కడుతున్నావు గనక రాత్రి ఒకసారి బిగించుకోవాలి.

వాన నీళ్ళు చెట్టు పట్టీ మీదుగా పారుకుంటూ లోపలికి వస్తాయి. పైకప్పు కిందికి వచ్చాక తాడుకి చిన్న నూలు దారం వేలాడగట్టు. నీళ్ళు అక్కడ దిగిపోతాయి. బూటు లేసు ముక్క చాలు.

బెజవాడ_బాటసారి · డిసెంబర్ 24, రాత్రి 8:50

వచ్చేశాం. వరసగా చెప్తాను.

బరువులు ముందు. ఊయల 340. చెట్టు పట్టీలు 110. డైనీమా తాళ్ళు 40, పై తాడు 15. దోమతెర సంచి 190. పైకప్పు, దాని తాళ్ళు, నాలుగు మేకులతో 560. పాత స్లీపింగ్ బ్యాగ్ కోసి చేసిన కింది దుప్పటి 480. మొత్తం 1,735 గ్రాములు. కిలోన్నర దాటింది. ఇందులో పైన కప్పుకున్న శాలువా లెక్క లేదు, అది నాన్నది, తూకం వేయనివ్వలేదు.

తోటలో మొదటి పాఠం ఎవరూ చెప్పనిది. కాఫీకి నీడగా సిల్వర్ ఓక్ చెట్లు వరసగా నిటారుగా ఉన్నాయి, ఊయల కోసమే నాటినట్టు. పట్టీ చుట్టబోతుంటే తోట పెద్దాయన కేకేశాడు. ప్రతి చెట్టుకీ మిరియాల తీగ పాకి ఉంది! పట్టీ బిగిస్తే తీగ నలిగి పోతుంది. చివరికి గట్టు మీద పనస చెట్టుకీ, తీగ ఎక్కని ఒక ఓక్‌కీ కట్టించాడు. మధ్య దూరం 14 అడుగులు. తర్వాత మా సామాను ఎత్తి చూసి, “ఇంతేనా?” అని రెండుసార్లు అడిగాడు.

మొదటి రాత్రి భుజాలు గడ్డకట్టాయి. కింది దుప్పటి తల వైపు బొందు ఒదులై వేలెడు సందు ఉంది, గాలంతా అందులోంచే. తెల్లవారుజామున జేబు థర్మామీటర్ 6 డిగ్రీలు చూపించింది. రెండో రాత్రి భయంతో మరీ బిగించాను, వీపు కింద అణిగి అదీ చలే. అర్ధరాత్రి లేచి కాస్త వదిలాక, అప్పుడు పట్టింది నిద్ర. అక్క చెప్పినట్టే పైకప్పు పదింటికల్లా సాగి ముక్కు మీదికి వచ్చింది, లేచి బిగించాను. తెల్లారి పొగమంచుకి లోపలి వైపంతా చెమర్చింది కానీ మీద పడలేదు. దోమ ఒక్కటీ కుట్టలేదు, చలికి అవి కూడా పడుకున్నాయేమో.

నడుము? అసలు గుర్తే లేదు.

తిండిపోతు_ట్రెక్కర్ · డిసెంబర్ 24, రాత్రి 9:05

235 గ్రాములు ఎక్కువైందని ఏడవకు. ఒక పెసరట్టు ఉప్మా మానెయ్, సరిపోతుంది.

వలతాడు_కాకినాడ · డిసెంబర్ 25, ఉదయం 7:20

శభాష్ తమ్ముడూ. ఆ తాళ్ళని ఎండకి వదిలెయ్యకు, ప్రతిసారీ వాడేముందు ఉచ్చుల దగ్గర పోగులు చూసుకో. నూగు లేచి ఉంటే మార్చెయ్. గుడ్డ ఏమైనా మిగిలిందా? మా అల్లుడికి ఒకటి కుట్టిద్దామని.

బెజవాడ_బాటసారి · డిసెంబర్ 25, ఉదయం 9:10

మీటరున్నర మిగిలింది అన్నా, కానీ ఆలస్యమైపోయింది. నేను ఊళ్ళో లేనప్పుడు అమ్మ దాంతో రెండు కూరగాయల సంచులు కుట్టేసింది. బజారు నుంచి రాగానే తనే తూకం వేసి చూపించింది. ఒక్కోటి 38 గ్రాములు.